హనుమకొండలో ముప్పై ఏళ్ల నాటి ఆఫీసు లిఫ్టు: కంట్రోలర్ మారిస్తే సరిపోతుందా, మొత్తం మార్చాలా?

ప్రశ్న: హనుమకొండ సూపరింటెండెంట్

అందరికీ నమస్కారం. హనుమకొండలో నేల అంతస్తు మీద మరో మూడు అంతస్తులున్న ఒక ప్రభుత్వ కార్యాలయ భవనంలో నేను సూపరింటెండెంటుగా పనిచేస్తున్నాను. భవనం బాగోగులు చూసే పని కూడా, ఉత్తర్వు ఏదీ లేకుండానే, నా మెడకు చుట్టుకుంది. ఇందులో 1994లో బిగించిన లిఫ్టు ఒకటి ఉంది. ఎనిమిది మంది, 544 కిలోలు అని లోపలి ఇత్తడి పలక మీద రాసి ఉంటుంది. క్యాబిన్‌కూ, ప్రతి అంతస్తులోనూ చేత్తో లాగే కొలాప్సబుల్ గేట్లే ఉన్నాయి. డాబా మీది మెషిన్ రూములో గేర్ బాక్సుతో కూడిన పాత మోటారు, గోడకు ఆనించిన రిలేల బీరువా, అంటే లిఫ్టును నడిపించే పాత కంట్రోలర్, ఉన్నాయి. లిఫ్టు నడుస్తున్నంతసేపూ ఆ బీరువాలోంచి టకటకమనే చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

2016లో జిల్లాల పునర్విభజన జరిగాక మరికొన్ని కార్యాలయాలు మా భవనంలోకి వచ్చి చేరాయి. పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్లు ఇచ్చే రోజుల్లో లిఫ్టు ముందు వరుస మెట్ల దాకా ఉంటుంది. లిఫ్టు ఎప్పుడూ అంతస్తుకు సమానంగా ఆగదు. నలుగురైదుగురు ఎక్కి కిందికి వస్తే రెండంగుళాలు దిగి ఆగుతుంది, ఒక్కరే ఉంటే అంతస్తు ఇంకా రాకముందే నిలిచిపోతుంది. పోయిన నెల చేతికర్రతో వచ్చిన ఒక పెద్దాయన ఆ గడపకే తట్టుకుని బోర్లా పడ్డారు. అదృష్టం బాగుండి మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. 2023 జూలై వానలకు లిఫ్టు గుంతలోకి నీళ్లు వచ్చాయి. నీళ్లయితే తోడించాం గానీ బురద ఇంకా అడుగున అలాగే ఉంది.

ఇప్పుడు రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకరు మోటారు నుంచి తలుపుల వరకు అన్నీ మార్చాలంటున్నారు. రెండోవారు కొత్త కంట్రోలర్ పెట్టి, క్యాబిన్‌కు స్టీలు గోడలు, గ్రానైట్ నేల, కొత్త లైట్లు వేసి ఇస్తామంటున్నారు. ఇంచుమించు మొదటివారు అడిగిన దాంట్లో మూడో వంతుకే. పై అధికారులకు సహజంగానే రెండోది నచ్చింది. నిబంధనల ప్రకారం ఏది సరైనదో తెలిసినవారు చెప్పగలరని మనవి.

మరో చిన్న విషయం. కొన్నిసార్లు రెండో అంతస్తులో గేటు పూర్తిగా వేయకపోయినా లిఫ్టు కదులుతుంది. వేగంగా వెళ్లాలనుకునేవారికి అది సౌకర్యంగానే ఉంది గానీ, రాయడం మంచిదనిపించి రాశాను.

జవాబు: కాజీపేట పాత మెకానిక్

సూపరింటెండెంట్ గారూ, మీరు చివర్లో చిన్న విషయమని రాసినదే అన్నిటికంటే పెద్దది. కొటేషన్ల సంగతి రేపు చూసుకోవచ్చు. దయచేసి ఈ రోజే లిఫ్టు మెయిన్ ఆపించి, నాలుగు అంతస్తుల్లోనూ గేట్లకు తాళాలు వేయించండి. నేను 34 ఏళ్లు లిఫ్టుల పనిలోనే ఉండి రిటైర్ అయినవాడిని, ఊరికే భయపెట్టడానికి రాయడం లేదు.

ప్రతి అంతస్తు గేటుకూ ఒక లాకు, ఆ లాకులో ఒక కాంటాక్టు ఉంటాయి. మీ నాలుగు అంతస్తుల కాంటాక్టులూ, క్యాబిన్ గేటు కాంటాక్టూ ఒకదాని వెంట ఒకటిగా ఒకే తీగ మీద ఉంటాయి కాబట్టి, ఐదింటిలో ఏ ఒక్కటి తెరిచి ఉన్నా మోటారుకు కరెంటు అందకూడదు. లాకు కొక్కెం కనీసం 7 మిల్లీమీటర్లు లోపలికి దిగాకే లిఫ్టు కదలాలని ప్రమాణం చెబుతుంది. మీ లిఫ్టు గేటు తెరిచి ఉండగా కదులుతోందంటే, ఎక్కడో ఆ వరుసను దాటవేస్తూ ఒక తీగ ముక్క పెట్టారన్నమాట. కాంటాక్టు అరిగిపోయి లిఫ్టు మాటిమాటికీ ఆగిపోతుంటుంది, స్పేర్ పార్టు దొరకదు, ఆఫీసు వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటారు. శనివారం సాయంత్రం ఎవరో కుర్రాడు వచ్చి రెండు టెర్మినల్స్ మధ్య తీగ బిగించి, సోమవారం వచ్చి తీసేస్తానంటాడు. ఆ సోమవారం ఎప్పటికీ రాదు. మీరు సొంతంగా బీరువా తెరవకండి. సర్వీసు మెకానిక్‌ను పిలిపించి, మీరు పక్కన నిలబడి, రెండో అంతస్తు లాకు వైర్లు ఎక్కడ వచ్చి కలుస్తాయో చూపించమనండి.

ఇక సమానంగా ఆగకపోవడం గురించి. మీది ఒకే వేగంతో తిరిగే పాత మోటారు అయి ఉంటుంది. అంతస్తు దగ్గరికి రాగానే కరెంటు తెగి, బ్రేకు పడి, క్యాబిన్ జారుకుంటూ పోయి ఆగుతుంది. ఎంత జారుతుందనేది లోపలున్న బరువును బట్టి మారుతుంది. బ్రేకు ఎంత బిగించినా అది సరికాదు, పైగా కుదుపు పెరుగుతుంది. అదే మోటారు వేగాన్ని క్రమంగా పెంచి తగ్గించే వీవీవీఎఫ్ డ్రైవ్ ఉంటే మోటారు వేగం దాదాపు సున్నా దాకా తగ్గిన తర్వాతే బ్రేకు పడుతుంది. అప్పుడు బ్రేకు పని లిఫ్టును ఆపడం కాదు, ఆగినదాన్ని పట్టి ఉంచడం మాత్రమే. కాబట్టి రెండో కొటేషన్‌లో కంట్రోలర్‌తో పాటు డ్రైవ్ కూడా ఉంటే మీ రెండంగుళాల బాధ తీరుతుంది. తలుపుల ప్రమాదం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. నా లెక్కలో తలుపులు, లాకులు ముందు. బ్రేకు, తాళ్లు ఆ తర్వాత. డ్రైవ్ మూడోది. స్టీలు గోడలు డబ్బు మిగిలితే చూసుకోవచ్చు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. బ్రేకు పట్టకపోతే లిఫ్టు కింద పడుతుందని అందరూ అనుకుంటారు. తాళ్ల అవతలి కొసకు వేలాడే కౌంటర్‌వెయిట్ బరువు ఖాళీ క్యాబిన్ కంటే ఎక్కువ, అంటే క్యాబిన్ బరువుకు ఎక్కే జనం బరువులో ఇంచుమించు సగం కలిపి పెడతారు. అందువల్ల ఒకరిద్దరు మాత్రమే ఉన్నప్పుడు బ్రేకు జారితే లిఫ్టు పైకి దూసుకుపోతుంది. మీ 1994 నాటి సేఫ్టీ గేర్ కిందికి వేగం పెరిగినప్పుడే గైడ్ రైళ్లను, అంటే క్యాబిన్ నడిచే నిలువు పట్టాలను, పట్టుకుంటుంది, పైకి పోయేటప్పుడు దానికి పనే లేదు. మనిషి ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉండగా లిఫ్టు కదలడం వల్ల జరిగే ఘోరాలలో చాలావాటి వెనుక కథ ఇదే. గేర్ బాక్సు ఉంచుకుంటామంటే తాళ్లను పట్టుకునే రోప్ గ్రిప్పర్ అయినా పెట్టించండి.

ప్రశ్న అడిగినవారు, రెండు రోజుల తర్వాత

కాజీపేట అన్నగారికి నమస్కారం. మీరు రాసిన సాయంత్రమే లిఫ్టు ఆపించాను. నిన్న ఉదయం మెకానిక్ వచ్చి బీరువా తెరిచాడు. టెర్మినళ్ల వరుసలో జానెడు పొడవున్న ఎర్ర తీగ ఒకటి, రెండు కొసలకూ నల్ల టేపు చుట్టి ఉంది. ఆ టేపు మీద దుమ్ము ఎంత మందంగా పేరుకుందంటే, వేలితో తుడిస్తే గానీ అది నల్లదని తెలియలేదు. సర్వీసు రిజిస్టరులో దాని గురించి ఒక్క మాట లేదు. ప్రతి నెలా "తనిఖీ చేయబడినది, సంతృప్తికరం" అని సంతకాలు మాత్రం ఉన్నాయి. మా లిఫ్ట్‌మ్యాన్‌ను అడిగితే "అది పెట్టి మూడేండ్లయితది సార్" అన్నాడు. మూడేళ్లుగా నేను అదే లిఫ్టులో రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగుతున్నాను.

గుంతలోకి కూడా టార్చి వేసి చూశాం. సన్నటి తాడు ఒకటి కిందిదాకా వచ్చి ఒక బరువున్న చక్రానికి చుట్టుకుని ఉంది, ఆ బరువు బురదలో కూరుకుపోయి ఉంది. అది గవర్నర్ తాడు అని మెకానిక్ చెప్పాడు. దీనివల్ల నష్టం ఏమైనా ఉందా? మూడో అంతస్తులో కూర్చునే మా పై అధికారి రెండు రోజులుగా మెట్లెక్కుతున్నారు కనుక ఫైలు మాత్రం మునుపటికంటే చురుగ్గా కదులుతోంది.

జవాబు: కరీంనగర్ విద్యుత్ ఇంజనీరు

ముందుగా గవర్నర్, అంటే లిఫ్టు వేగం మితిమీరితే కనిపెట్టే పరికరం, సంగతి. లిఫ్టు వేగం నిర్ణీత వేగం కంటే కనీసం 15 శాతం పెరిగాక గవర్నర్ ఆ సన్న తాడును బిగించి పట్టుకుంటుంది, ఆ తాడు క్యాబిన్ కింది సేఫ్టీ గేర్‌ను లాగుతుంది. ఇదంతా జరగాలంటే తాడు ఎప్పుడూ బిగువుగా ఉండాలి, ఆ బిగువును ఇచ్చేది అడుగున వేలాడే బరువే. అది బురద మీద కూర్చుంటే తాడు వదులై జారుతుంది, అవసరమైనప్పుడు సేఫ్టీ గేర్ పడుతుందన్న నమ్మకం ఉండదు. కొత్త లిఫ్టు మాట ఎలా ఉన్నా గుంతను శుభ్రం చేయించి, గోడలకు నీరు ఊరకుండా పూత పూయించి, దిగడానికి నిచ్చెన, అడుగున స్టాప్ స్విచ్చి, దీపం పెట్టించండి. గుంతలో నీళ్లు నిలిచే భవనంలో ఎంత ఖరీదైన సామాను బిగించినా రెండు వానాకాలాలకు తుప్పు పడుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. లిఫ్టుల భద్రతకు సంబంధించి మన దేశంలో ఇప్పుడున్న ప్రమాణం 2022లో వచ్చిన ఐఎస్ 17900, అంతకుముందు ఐఎస్ 14665 వరుస ఉండేది. భవనం వైపు నుంచి చూస్తే జాతీయ భవన నియమావళి 2016లో ఎనిమిదో భాగంలో లిఫ్టులకు ప్రత్యేక విభాగం ఉంది. ఐఎస్ 17900 కొత్తగా బిగించే లిఫ్టుల కోసం రాసినది కాబట్టి మీ 1994 నాటి లిఫ్టు అందులోని ప్రతి వాక్యానికీ ఒదగాలని ఎవరూ అనలేరు. అయితే తలుపుల రకం, లాకుల రకం, కంట్రోలు పద్ధతి, యంత్రం, గవర్నర్, సేఫ్టీ గేర్, క్యాబిన్ బరువు వంటివి మార్చినప్పుడు దాన్ని ముఖ్యమైన మార్పుగా లెక్కించి, మార్చిన భాగాన్నీ దాని ప్రభావం పడే భాగాలనూ మళ్లీ పరీక్షించాలి. రెండో కొటేషన్‌వారు "మేం కంట్రోలరే కదా మార్చేది, పరీక్షలెందుకు" అంటే ఒప్పుకోకండి. నిబంధన ఏదైనా కాంట్రాక్టరును కట్టిపడేసేది టెండరు షెడ్యూలులో మీరు రాయించిన వాక్యమే. అందులో "సంబంధిత ప్రమాణాల ప్రకారం" అని గంపగుత్తగా రాసి వదిలేయకుండా, ఏ భాగం, ఏ ప్రమాణం, ఏ పరీక్ష అని విడివిడిగా రాయించండి.

గ్రానైట్ గురించి తప్పక చెప్పాలి, ఎందుకంటే మన వైపు ఈ మోజు ఎక్కువ. ఎనిమిది మంది క్యాబిన్ సాధారణంగా 1,300 మిల్లీమీటర్ల వెడల్పు, 1,100 లోతు ఉంటుంది. దానికి 20 మిల్లీమీటర్ల మందం గ్రానైట్ పరిస్తే, సిమెంటు లెక్క వేయకుండానే ఇంచుమించు 77 కిలోలవుతుంది. లిఫ్టు లెక్కల్లో మనిషి బరువు 68 కిలోలు. అంటే ఎప్పటికీ దిగని ఒక ప్రయాణికుణ్ణి, చేతిలో మూటతో సహా, లోపల నిలబెట్టినట్టే. స్టీలు గోడలు, ఫాల్స్ సీలింగ్ కలిపితే ఇంకా పెరుగుతుంది. అంత బరువు చేర్చి కౌంటర్‌వెయిట్ సరిచూడకపోతే మోటారు వేడెక్కుతుంది, బ్రేకు మీద భారం పడుతుంది, తాళ్లు పుల్లీ గాడుల్లో జారడం మొదలవుతుంది. నేల కోసం పలుచటి రబ్బరు లేదా వినైల్ షీటు చాలు. చక్రాల కుర్చీకీ, చేతికర్రకూ కూడా జారకుండా ఉంటుంది.

నా అభిప్రాయం రెండు కొటేషన్లకూ మధ్యలో ఉంది. గైడ్ రైళ్లు, వాటి బ్రాకెట్లు, కౌంటర్‌వెయిట్ చట్రం తుప్పు పట్టకుండా వంకర లేకుండా ఉంటే వాటిని మార్చాల్సిన పని లేదు. యంత్రం, బ్రేకు, కంట్రోలర్, డ్రైవ్, తాళ్లు, గవర్నర్, సేఫ్టీ గేర్, తలుపులు, షాఫ్టు (లిఫ్టు తిరిగే నిలువు గూడు) లోని వైరింగ్ మొత్తం కొత్తవి కావాలి. కరెంటు పోతే బ్యాటరీ మీద దగ్గరి అంతస్తుకు తెచ్చి తలుపు తెరిచే ఏఆర్‌డీ ఉండాలి. కొత్త బ్రేకులో రెండు విడి భాగాలుండి, ఒకటి పనిచేయకపోయినా రెండోది నిండు బరువును నిలువరించేలా ఉండాలి. పని అప్పగించే రోజున మీ కళ్లముందు జరగాల్సిన పరీక్ష ఒకటుంది. క్యాబిన్‌లో నిర్ణీత బరువుకు 125 శాతం, అంటే మీ విషయంలో 680 కిలోలు పెట్టి, కిందికి నడిపించి, కరెంటు తీసేస్తే బ్రేకు ఒక్కటే దాన్ని ఆపాలి. 50 కిలోల సిమెంటు బస్తాలు పదమూడు, పైన మరో 30 కిలోలు. బస్తాలు మోయించడం ఎందుకులెండి అని కాంట్రాక్టరు మొహమాటపెడతాడు, మీరు మొహమాటపడకండి. అంతస్తుకు సమానంగా ఆగడంలో తేడా 10 మిల్లీమీటర్లు దాటకూడదని కూడా షెడ్యూలులో రాయించి, ఖాళీగానూ నిండుగానూ రెండుసార్లు కొలిపించండి.

టెండరు పిలిచేముందు, ఈ రెండు కంపెనీలకూ సంబంధం లేని ఇంజనీరుతో ఒక సర్వే చేయించండి. మందు అమ్మేవాడే రోగం నిర్ణయిస్తే ఏమవుతుందో మీ రెండు కొటేషన్లే చెబుతున్నాయి.

జవాబు: చక్రాల కుర్చీ వాడే హనుమకొండవాసి

ఇంతవరకు చర్చలో లిఫ్టు లోపలికి వెళ్లగలిగినవారి భద్రత గురించే మాట్లాడారు. నాలాంటివారు కొలాప్సబుల్ గేటున్న లిఫ్టును ఒంటరిగా వాడనే లేరు. కుర్చీలో కూర్చుని ఒక చేత్తో బయటి గేటు, మరో చేత్తో లోపలి గేటు లాగాక చక్రాలు తిప్పడానికి మూడో చెయ్యి కావాలి. గేటు కింది పట్టీలో ముందు చక్రం ఇరుక్కుంటే ఎవరైనా వచ్చి లేపేదాకా అక్కడే.

వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 45వ సెక్షన్ ప్రకారం, నియమాలు వెలువడిన నాటి నుంచి ఐదేళ్లలో ఉన్న ప్రభుత్వ భవనాలన్నిటినీ అందుబాటులోకి తేవాలి. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి, ఆ ఐదేళ్లూ 2022లోనే గడిచిపోయాయి. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాతూరి కేసులో, అందుబాటు ప్రమాణాలను కేవలం సలహాలుగా వదిలేయడం కుదరదని, తప్పనిసరిగా పాటించాల్సిన నియమాలు చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ రెండు వాక్యాలూ మీ ఫైలులో పెట్టండి, రెండో కొటేషన్ తక్కువ అన్న వాదనకు అవే జవాబు.

తలుపు వెడల్పు 900 మిల్లీమీటర్లు ఉండాలని మార్గదర్శకాలు చెబుతాయి. ఎనిమిది మంది లిఫ్టులకు మామూలుగా 800 పెడతారు, అక్కడే గట్టిగా అడగాలి. తలుపు కనీసం 5 సెకన్లు తెరిచి ఉండాలి, మూసుకునే వేగం సెకనుకు 0.25 మీటరు దాటకూడదు. లోపల పట్టుకోవడానికి కమ్మీ, కూర్చున్నవారి చేతికి అందే ఎత్తులో బటన్లు, వాటి మీద బ్రెయిలీ, అంతస్తును తెలుగులో చెప్పే గొంతు ఉండాలి. ఎదురు గోడకు అద్దం కూడా పెట్టించండి. అది తల దువ్వుకోవడానికి కాదు. మీ క్యాబిన్‌లో కుర్చీ తిరగదు కాబట్టి మేం వెనక్కి నడుపుకుంటూ బయటికి రావాలి, వెనుక ఎవరున్నారో, గడప ఎక్కడుందో ఆ అద్దంలోనే కనిపిస్తుంది.

పని జరిగే నెలల్లో పెన్షన్ సెక్షన్‌ను నేల అంతస్తుకు మార్చమని కూడా ఇప్పుడే రాయండి. లిఫ్టు మరమ్మతులో ఉందన్న అట్ట ముక్క చూసి వెనుదిరిగిన రోజులు నాకు చాలానే ఉన్నాయి.

జవాబు: గోదావరిఖని రిటైర్డ్ ఫిట్టర్

తాళ్ల గురించి ఒక్క మాట. నేను సింగరేణిలో పనిచేశాను. బొగ్గు బాయిలోకి మనుషులను దింపే కేజ్ (ఇనుప పంజరం) తాడు కొసను ఆరు నెలలకోసారి కోసి, లోపల తుప్పు ఉందేమో విప్పి చూసి, కొసను పట్టి ఉంచే క్యాపు కొత్తగా వేస్తారు. లిఫ్టుకు అంత అక్కర్లేదు, ఇక్కడ ఒకటి కాదు, మూడు నాలుగు తాళ్లు కలిసి మోస్తాయి. కానీ మనుషులను మోసే తాడు మీద ఉండాల్సిన అనుమానం మాత్రం రెండు చోట్లా ఒక్కటే. గుడ్డతో తుడిచినప్పుడు ఎర్రటి పొడి రాలితే తాడు లోపల తీగలు ఒకదానితో ఒకటి రాసుకుని తుప్పు పడుతున్నట్టు. ఒక తాడు బిగువుగా, మరొకటి వదులుగా ఉంటే బిగువుగా ఉన్నది తొందరగా పోతుంది, దానితో పాటు పుల్లీ గాడి కూడా అరుగుతుంది. అరిగిన గాడిలో కొత్త తాళ్లు వేస్తే ఏడాది తిరగకుండానే వాటి పని అయిపోతుంది, అందుకే తాళ్లు, పుల్లీ కలిపి మార్చమని రాయించండి.

ప్రశ్న అడిగినవారు, వారం తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. షాఫ్టు కొలతలు తీయించాను, వెడల్పు, లోతు రెండూ 1,900 మిల్లీమీటర్లు. మధ్యలో విడిపోయే తలుపు 900 వెడల్పుతో ఇందులో పట్టదని కొలవడానికి వచ్చిన ఇంజనీరు చెప్పారు. రెండు పలకలూ ఒకే పక్కకు జరిగే రకం అయితే ఏమైనా అవకాశం ఉంటుందా?

జవాబు: కరీంనగర్ విద్యుత్ ఇంజనీరు

ఉంటుంది. మధ్యలో విడిపోయేదానికి తలుపు వెడల్పుకు రెండింతలకు పైగా స్థలం కావాలి, అంటే 1,800 మీద ఇంకొంత, మీ షాఫ్టులో అది కుదరదు. ఒకే పక్కకు ఒకదాని వెనుక ఒకటిగా జరిగే రెండు పలకల తలుపుకు ఒకటిన్నర రెట్లు, పైన చట్రానికి కొంత కలిపితే సరిపోతుంది. 900కు 1,350 మీద కొంచెం, హాయిగా పడుతుంది. గడప దగ్గర లోతులో కొంత తగ్గుతుంది కాబట్టి క్యాబిన్ లోతు 1,100 నిలుస్తుందో లేదో డ్రాయింగులో చూపించమనండి. అంతస్తుల వైపు గోడను కోయాల్సి వస్తే ఆ పనిని సివిల్ వారి అంచనాలో విడిగా పెట్టించండి, లేదంటే ఆ నాలుగు గోడల దగ్గరే పని ఆరు నెలలు ఆగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

అలాగే రాయించాను. రెండు కొటేషన్లూ పక్కన పెట్టి, ముందు స్వతంత్ర సర్వేకు అనుమతి అడుగుతూ ఈ రోజు ఫైలు పంపాను. పెన్షన్ సెక్షన్ సోమవారం నుంచి నేల అంతస్తులో, ఇదివరకు సైకిల్ స్టాండు పక్కన రికార్డులుండే గదిలో కూర్చుంటుంది. లిఫ్టు ఆపి ఉంచాల్సిన అవసరమేమిటని పై నుంచి ఒక ప్రశ్న వచ్చింది. ఆ ఎర్ర తీగను ఒక కవరులో పెట్టి, తీసిన తేదీ రాసి, మెకానిక్ చేత, లిఫ్ట్‌మ్యాన్ చేత సంతకాలు పెట్టించి ఫైలుకు జతచేశాను. పేజీ సంఖ్య 41.